వంటవాడు పట్టుకున్న తాడు

ప్రశ్న నంబరు ఇరవై ఏడు: స్క్విడ్ అనే సముద్రజీవికి చేతుల్లాంటివి మొత్తం ఎన్ని ఉంటాయి?

జవాబు పది. ఎనిమిది పొట్టివి, రెండు పొడుగువి. ఇందులో వాదానికి చోటు లేదు. ప్రశ్నలమ్మ రెండు పుస్తకాల్లో చూసింది. రెండూ ఒకే మాట చెప్పాక మూడో పుస్తకం కూడా తీసింది.

ఊరి గ్రంథాలయంలో ఏటా జరిగే క్విజ్‌కి ఇరవై రెండేళ్ళుగా ప్రశ్నలు తయారుచేస్తున్నది ఆవిడే. వయసు యాభై ఆరు. బస్టాండు ఎదురు సందులో మందుల షాపు నడుపుతుంది. అసలు పేరు ఊళ్ళో సగం మందికి తెలియదు. దగ్గు మందు కోసం వచ్చినవాళ్ళు, ఆవిడ సీసా కిందికి దించేలోపు, ఈసారి ప్రశ్నలు దేనిమీద వస్తాయో ఆరా తీస్తారు. దగ్గు మీద అంటుంది ఆవిడ.

ఇన్నేళ్ళలో ఆవిడ ఇచ్చిన జవాబు ఒక్కటీ తప్పని తేలలేదు. ఒకసారి ఒక లెక్కల మాస్టారు అందరిముందూ వాదానికి దిగాడు. వారం తిరక్కుండా షాపుకి వచ్చి, తల వంచుకుని తలనొప్పి మాత్రలు కొనుక్కుపోయాడు. దాన్నే క్షమాపణగా జమకట్టుకుంది.

ఈ ఏడాదితో మానేస్తానని ముందే చెప్పింది. కంట్లో శుక్లాలు ముదిరాయి. చిన్న అక్షరాలు ఈదులాడుతున్నాయి. ఎవరి జవాబైనా సరే తన కళ్ళతో చూస్తేగానీ నమ్మని మనిషి, కళ్ళు సరిగా లేనప్పుడు ఆ కుర్చీలో కూర్చోకూడదనుకుంది. అందుకే ఇరవై రెండేళ్ళుగా గొంతులో అడ్డుపడి ఉన్న ఇరవై ఏడో ప్రశ్నని ఈసారి కాగితం మీద పెట్టింది.

సరైన జవాబు కోసం కాదు. ఒక్క తప్పు జవాబు కోసం. తొమ్మిది అని ఎవరైనా రాస్తారేమోనని. ఎనిమిది అని చాలామంది రాస్తారు, ఆక్టోపస్‌తో పొరబడి. తొమ్మిదని ఎవరూ రాయరు. రాయాలంటే ఆ పుస్తకం చూసి ఉండాలి. అలాంటి మనిషి ఊళ్ళో ఒక్కరున్నా, ఆ పుస్తకం ఉన్నట్టే లెక్క.

ఆవిడకి పదేళ్ళప్పుడు ఇంట్లో ఒక బొమ్మల కథల పుస్తకం ఉండేది. పాత సాహస కథల్ని గడులు గడులుగా బొమ్మలు గీసి చెప్పే పుస్తకాలు అప్పట్లో చాలా వచ్చేవి. చివరి పేజీలో "మీకు తెలుసా?" అంటూ పది ప్రశ్నలుండేవి. జవాబులు అడుగున తలకిందులుగా అచ్చువేసేవారు. లోకజ్ఞానం ఆవిడకి మొదట తలకిందులుగానే పరిచయమైంది. ఈ పుస్తకానికి పేరు లేదు, గోధుమరంగు కాగితం అట్ట ఉంది. లోపల ఒక ఓడ, ఓడలో వంటవాడు, సముద్రంలోంచి ఓడని పట్టుకునే ఒక స్క్విడ్. అది ఎర్రగా ఉంటుంది. పద్నాలుగో పేజీ అంతా అదే. ఆ పేజీ తెరిచినప్పుడల్లా చేతులు లెక్కపెట్టేది. ప్రతిసారీ తొమ్మిదే వచ్చేవి.

ఆ ఏడాదే నాన్నకి బదిలీ అయి వేరే ఊరు వెళ్ళారు. కొత్త బడిలో క్విజ్ పెట్టారు. చివరి ప్రశ్న ఇదే. రెండు జట్లకీ సమానంగా మార్కులున్నాయి. ఆవిడ లేచి తొమ్మిదని చెప్పింది. మాస్టారు మంచివాడే, మళ్ళీ ఆలోచించుకోమన్నాడు. మళ్ళీ తొమ్మిదే అంది, బొమ్మలో లెక్కపెట్టానంది. గదంతా నవ్వింది. అయితే రేపు ఆ పుస్తకం పట్టుకురా, చూద్దామన్నాడు మాస్టారు.

ఇంటికి పరుగున వెళ్ళి పెట్టెలన్నీ వెతికింది. పుస్తకం లేదు. మూడేళ్ళు పెద్దవాడైన అన్నయ్యని అడిగితే, ఏ పుస్తకం అన్నాడు. అలాంటి పుస్తకం మనింట్లో ఎప్పుడూ లేదే అన్నాడు. అట్ట నువ్వే వేశావు కదా అని అమ్మని అడిగింది. అమ్మ ఆలోచించి, నేను ఏ పుస్తకానికీ గోధుమరంగు అట్ట వేయలేదే అంది. అమ్మ అబద్ధం చెప్పదు. మర్నాడు ఉత్త చేతులతో క్లాసులో నిలబడింది.

అబద్ధమాడిందని ఎవరూ అనలేదు. లేనిదాన్ని ఊహించుకుందన్నారు. అది ఇంకా కష్టం. అబద్ధమాడేవాళ్ళకి నిజమేదో తెలిసే ఉంటుంది.

నాలుగేళ్ళ తర్వాత కుటుంబమంతా మళ్ళీ ఈ ఊరికే వచ్చేసింది. అక్కడి పిల్లలు పెట్టిన "తొమ్మిది చేతులు" అన్న పేరు వెంట వచ్చింది, తెచ్చినవాడు అన్నయ్య. పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి, ఇద్దరి జుట్టూ నెరిసినా వదల్లేదు. ఆవిడ ఏ విషయం గట్టిగా చెప్పినా, "ఏ పుస్తకంలో చూశావే? ఆ తొమ్మిది చేతులదాంట్లోనా?" అని గాలి తీసేవాడు. నలుగురూ నవ్వేవారు, ఆవిడా నవ్వేది. ఆ తర్వాత ఇంటికి వెళ్ళి, తను చెప్పింది రెండు పుస్తకాల్లో సరిచూసుకునేది. ఆ అలవాటే ఆవిడని ప్రశ్నలమ్మని చేసింది.

* * *

తొలి దశ రాత పరీక్షకి మూడు వందల పన్నెండు మంది కూర్చున్నారు. కాగితాల మీద పేర్లుండవు, నంబర్లే. ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయంలో పొడుగు బల్ల దగ్గర ఆవిడా లైబ్రేరియనూ దిద్దడానికి కూర్చున్నారు. అతనికి ముప్పై రెండేళ్ళు. జవాబులు పైకి చదువుతాడు, ఆవిడ ఎర్ర పెన్సిలుతో గీత పెడుతుంది.

పక్క గదిలో పత్రికల దగ్గర మామూలుగా కనిపించే పేపర్ల మామ్మగారు ఒక్కరే ఉన్నారు. డెబ్బై దాటినావిడ, రోజూ వస్తుంది, వార్తలు చదవదు. బొమ్మలు చూస్తుంది, భూతద్దం పెట్టి. ఆ రోజు కూడా ఒక పత్రిక పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "చూడు నాయనా, ఎరుపు నూలుపోగంత పక్కకి జరిగింది. ఈ మంత్రిగారికి పెదాలు మూడున్నాయి" అని లైబ్రేరియన్‌కి చూపించి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది. అతను అలవాటుగా తల ఊపాడు.

పదకొండో కాగితంలో ఇరవై ఏడో ప్రశ్న దగ్గర అతను ఆగాడు. తొమ్మిదని ఉంది.

"ఇదెక్కడి లెక్కండీ, బేసి సంఖ్యలో చేతులు" అన్నాడు నవ్వుతూ.

ప్రశ్నలమ్మ కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. కాగితం తన చేతిలోకి తీసుకుని చూసింది. తొమ్మిది. అంకె కాదు, అక్షరాల్లో. తప్పు గీత పెట్టింది. పెన్సిలు ముల్లు విరిగింది.

ఒక్కటి చాలనుకుంది ఇన్నాళ్ళూ. పంతొమ్మిదో కాగితంలో ఇంకొకటి వచ్చింది. తర్వాత వరసగా రెండు. లైబ్రేరియన్ నవ్వడం మానేశాడు. వాటిని విడిగా పేర్చడం మొదలుపెట్టాడు. సాయంత్రం ఐదయ్యేసరికి దొంతి పెరిగింది. ఆవిడ ఒకసారి, అతను ఒకసారి లెక్కపెట్టారు. నలభై ఒకటి.

కాపీ కొట్టి ఉంటారని అతని అనుమానం. కూర్చున్న వరసలు చూస్తే ఒకరికొకరు దూరంగా ఎక్కడెక్కడో ఉన్నారు. మిగతా జవాబుల్లో ఒకరికొకరికి పొంతన లేదు. రిజిస్టరు తెచ్చి వయసులు చూశాడు. నలభై ఒక్కరిలో యాభై రెండేళ్ళ లోపువాళ్ళు లేరు, అరవై దాటినవాళ్ళు ఇద్దరే.

"నలభై ఒక్కమంది విడివిడిగా ఒకే తప్పు ఎలా చేస్తారండీ?" అని అడిగాడు.

ఆవిడ దగ్గర జవాబు లేదు. ఇరవై రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర అలా జరగడం మొదటిసారి. కాళ్ళ కింద నేల ఉందో లేదోనన్నట్టు ఒకసారి కిందికి చూసుకుంది.

దొంతిలో కాగితాలు మళ్ళీ తిరగేస్తుంటే ఒకచోట చెయ్యి ఆగింది. ఆ రాత ఎవరిదో నంబరు చూడక్కర్లేదు. గడియారాల రిపేరు చేసేవాళ్ళ రాత అలాగే ఉంటుంది, ఆవగింజంత అక్షరాలు, గుడులు గుండుసూది తలల్లా. అన్నయ్యది. మొదట పది అని రాసి ఉంది. దాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన తొమ్మిది అని రాశాడు.

ఆ కాగితాన్ని దొంతి అడుక్కి తోసింది.

* * *

మర్నాడు ఆవిడ గడియారాల షాపుకి వెళ్ళింది. చేతిగడియారం ఆగలేదు, బాగానే నడుస్తోంది. అయినా విప్పి కౌంటరు మీద పెట్టింది. అన్నయ్య కంటికి దుర్భిణి పెట్టుకుని లోపలికి చూశాడు.

ఫైనల్‌కి వెళ్ళినవాళ్ళ జాబితా అప్పటికే నోటీసు బోర్డు మీద అంటించారు. ముప్పై రెండు మార్కులొస్తే ఫైనల్. అన్నయ్యకి ముప్పై ఒకటి.

"ఒక్క మార్కులో పోయిందే. ఇంటి మనిషివి, ఆ మాత్రం దయ లేదా?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఇరవై ఏడో ప్రశ్నకి ఏం రాశావు?"

చేతిలో పట్టకారులాంటి శ్రావణం క్షణం ఆగింది. "ఏమో. గుర్తులేదు."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పడు, చెప్పినా నవ్వులాటకి తిప్పేస్తాడు. నలభై ఆరేళ్ళు ఆగింది, ఇంకో ఆరు రోజులు ఆగలేకపోదు. గడియారం తీసుకుని వచ్చేస్తుంటే వెనకనుంచి ఆయన, ఇందులో రిపేరేమీ లేదే, ఎందుకు తెచ్చినట్టు అని అడిగాడు. నువ్వే చెప్పాలి అని వచ్చేసింది.

* * *

ఫైనల్ రోజు పోటీకి ముందు తొలి దశ జవాబులు సభలో చదివి వినిపించడం ఆనవాయితీ. గ్రంథాలయం పైఅంతస్తు హాల్లో నూట యాభై కుర్చీలు వేశారు, చాలక కొందరు కిటికీల దగ్గర నిలబడ్డారు. అన్నయ్య నాలుగో వరసలో ఉన్నాడు. పేపర్ల మామ్మగారు అన్నిటికన్నా వెనక బెంచీ మీద కూర్చున్నారు, కింద పత్రికల గది ఆ రోజు మూసేశారు గనక.

ప్రశ్నలమ్మ మైకు ముందు నిలబడి ఒకటో నంబరు నుంచి చదువుకుంటూ వచ్చింది. ఇరవై ఏడు దగ్గర ఊపిరి తీసుకుని, పది అంది. అని, ఇరవై ఎనిమిదికి పోలేదు. కాగితం కిందికి దించి సభలోకి చూసింది.

రెండో వరసలోంచి ఒక బస్సు కండక్టరు లేచాడు. ఖాకీ చొక్కాలోనే వచ్చాడు, మధ్యాహ్నం డ్యూటీ ఉంది కాబోలు.

"అమ్మా, మీతో వాదించేంతవాణ్ణి కాను. కానీ అవి తొమ్మిదండీ. నేను లెక్కపెట్టాను."

"ఎక్కడ?"

"చిన్నప్పుడు, ఒక బొమ్మల పుస్తకంలో. పేరు తెలీదు. గోధుమరంగు అట్ట, మా అమ్మ వేసింది."

ఇంకో వరసలో ఆసుపత్రి నర్సు ఒకావిడ పక్కావిడతో అంటున్నట్టుగా, మా పుస్తకానికీ మా అమ్మే వేసిందే ఆ అట్ట అంది. ఆ మాట హాలంతా వినిపించింది. కిటికీ దగ్గర నిలబడ్డాయన, మాకు మా నాయనమ్మ వేసిందన్నాడు. మాకు మా అక్క అని ఇంకొకరు. ఒకరి మాటకి ఒకరు తల తిప్పి చూసుకుంటున్నారు. తమ ఒక్కరిదే అనుకున్న సంగతి పక్కవాళ్ళ నోట్లోంచి వస్తుంటే మనుషులు ఎలా చూస్తారో అలా చూసుకుంటున్నారు.

ప్రశ్నలమ్మ ఏ ప్రశ్నా వేయలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

పుస్తకం వాళ్ళే తెరిచారు. మొదటి పేజీలో ఓడ ఎడమ నుంచి కుడికి పోతుందని ఒకరన్నారు. తెరచాపకి అతుకుందని ఇంకొకరు చేర్చారు. ఆ అతుకు నీలంగా ఉంటుందని వెనకనుంచి ఎవరో అన్నారు. మూడో పేజీలో వంటవాడు మిగిలిన తిండి బకెట్టుతో సముద్రంలో పారబోస్తాడు. ఐదో పేజీలో మళ్ళీ పారబోస్తాడు. కెప్టెను తిడతాడు, మంచి తిండి నీళ్ళపాలు చేస్తున్నావని. వంటవాడికి ఎడమ చేతికి నాలుగే వేళ్ళు. కాదు, కుడి చేతికి. కుడే, ఎందుకంటే గరిటె ఎడమ చేత్తో పట్టుకుంటాడు. ఒకరు మొదలుపెట్టిన బొమ్మని ఇంకొకరు పూర్తి చేస్తున్నారు. కొందరు కళ్ళు మూసుకుని మాట్లాడుతున్నారు. నర్సు గాల్లో వేలితో పేజీ తిప్పింది, తిప్పిందని ఆవిడకే తెలియదు. ఫైనల్‌కి వచ్చిన కాలేజీ పిల్లలు ఫోన్లు జేబుల్లో పెట్టేసి, ఈ పెద్దవాళ్ళకి ఏమైందన్నట్టు వింటున్నారు.

పద్నాలుగో పేజీకి వచ్చేసరికి అందరి గొంతులూ తగ్గాయి. అందరూ ఒకే బొమ్మ చెప్పారు. ఓడ వాలిపోయి ఉంటుంది. స్క్విడ్ దాన్ని చుట్టేసి ఉంటుంది. వంటవాడు గరిటె పళ్ళ మధ్య కరుచుకుని, స్తంభం పక్కన పైనుంచి వేలాడే తాడు పట్టుకుని ఉంటాడు. తర్వాతి పేజీలో ఓడ లేదు, ఎవరూ లేరు. వంటవాడు ఒక్కడే ఒడ్డున ఇసుకలో కూర్చుని ఉంటాడు, గరిటె ఒళ్ళో పెట్టుకుని. అంతే కథ.

"ఇంకెవరైనా?" అంది ప్రశ్నలమ్మ. మైకులో ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. నాలుగో వరసకేసి చూసింది.

అన్నయ్య లేవడానికి కొంత సమయం పట్టింది. ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు.

"ఆ పుస్తకం మా ఇంట్లో ఉండేది," అన్నాడు. "అది మా చెల్లెలిది. ఊరు మారే రోజు సామాన్లు కడుతుంటే నేను తీసుకెళ్ళి ఒకడికిచ్చేశాను, సైకిలు గంట కోసం. అప్పటికి నాకు సైకిలు లేదు. చెల్లి అడిగితే లేదన్నాను. అసలు పుస్తకమే లేదన్నాను. తర్వాత ఉందనడానికి నోరు రాలేదు." కూర్చోబోయి ఆగాడు. "మొన్న పది అనే రాశాను. రాసి చూసుకుంటే ఆ బొమ్మ కళ్ళ ముందుకొచ్చింది. లెక్కపెట్టాను. తొమ్మిదే వచ్చాయి."

అప్పుడు గోడవైపునుంచి ప్లంబరు చెయ్యెత్తాడు. ఊళ్ళో సగం పంపులు బాగుచేసేది ఆయనే.

"ఆ గంట ఇచ్చింది నేనే," అన్నాడు. "అది అప్పటికే మోగేది కాదు."

"ఆ సంగతి నాకు మర్నాడే తెలిసింది," అన్నాడు అన్నయ్య.

హాలు నవ్వింది. ప్రశ్నలమ్మ నవ్వలేదు, ఏడవలేదు. చేతిలో కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. పుస్తకం ఉంది. తను చూసింది. నలభై ఆరేళ్ళుగా అడగాలనుకున్నది ఇంతే. అయినా లెక్క తేలలేదు. పది చేతులుండాల్సిన జంతువుకి తొమ్మిదే ఎందుకు గీశారు? గీసినవాడికి తెలియకనా?

"తొమ్మిది కాదమ్మా," అని వెనకనుంచి ఎవరో అన్నారు.

పేపర్ల మామ్మగారు బెంచీ మీంచి లేచి నిలబడి ఉన్నారు. ఒక చేత్తో భూతద్దం ఉన్న సంచీ పట్టుకున్నారు. లైబ్రేరియన్ వెళ్ళి మైకు ఇవ్వబోతే అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపారు.

"గీసినాయన పదీ గీశాడు. రంగు వేసింది నేను."

అందరూ వెనక్కి తిరిగారు.

ఆవిడ చెప్పింది నెమ్మదిగా చెప్పింది, చెప్పినదాన్ని మళ్ళీ చెప్పలేదు. ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపులున్న వీధి చివర అప్పట్లో ప్రెస్సు ఉండేది. బొమ్మల పుస్తకాలు ఎక్కడెక్కడివో అక్కడ అచ్చయ్యేవి. బొమ్మ గీతలతోనే వచ్చేది. ఏ గీతల మధ్య ఏ రంగో చూసుకుని, ఎరుపుకొక రేకు, పసుపుకొక రేకు, నీలానికొక రేకు మీద కుంచెతో నింపాలి. ఆరుగురు ఆడపిల్లలు పనిచేసేవారు. పేజీలు పంచి ఇచ్చేవారు, ఒకరికి నాలుగోది, ఒకరికి తొమ్మిదోది. కథ మొత్తం ఎవరూ చూసేవారు కాదు. ఆవిడకి పద్నాలుగో పేజీ ఒక్కటే వచ్చింది. ఓడ, స్తంభం, తాళ్ళు. పైనుంచి కిందికి ఒకటి వేలాడుతోంది, మనిషి దాన్ని పట్టుకుని ఉన్నాడు. ఓడలో మనిషి పట్టుకుని వేలాడేది తాడు గాక ఇంకేముంటుంది? తాళ్ళకి వేసే రంగే వేసింది.

అచ్చు మొదలయ్యాక ఎనిమిది వందల కాపీల దగ్గర ఎవరో కనిపెట్టారు. యంత్రం ఆపి, రేకు మార్చి, మిగతావి సరిగ్గా వేశారు. ఆ సరైనవి బయటి ఊళ్ళకి వెళ్ళిపోయాయి. ఈ ఎనిమిది వందలకి రంగుల అట్ట దండగని యజమాని గోధుమరంగు కాగితం చుట్టించాడు. తప్పు చేసింది నువ్వే గనక అట్టలు నువ్వే కుట్టమన్నాడు. మూడు రోజులు కూర్చుని కుట్టింది. బడులు తెరిచే రోజుల్లో ప్రెస్సు కౌంటరు దగ్గర నోటుబుక్కులు కొన్న పిల్లలకి ఊరికే ఇచ్చేశారు.

"ఊరికే ఇచ్చింది ఎవరు చదువుతార్లే అనుకున్నాను," అంది. "చదివినా ఎవరు లెక్కపెడతార్లే అనుకున్నాను."

కండక్టరు ఇంకా నిలబడే ఉన్నాడు. "అయితే వంటవాడు పట్టుకున్నది..." అని ఆగిపోయాడు.

"తాడు కాదు నాయనా. ఆ తాడు పై కొస దేనికి కట్టి ఉందో మీలో ఎవరికైనా గుర్తుందా?"

ఎవరికీ గుర్తులేదు. కట్టిన కొస లేదు గనక. ప్రశ్నలమ్మ కళ్ళు మూసుకుంది. శుక్లాలు పట్టిన కళ్ళకి ఆ పేజీ మాత్రం స్పష్టంగా కనిపించింది. తాడు, దానిమీద ముడులు. ముడులు రెండేసి, జతలు జతలుగా, పైనుంచి కిందిదాకా. తాడుకి జతలుగా ముడులెందుకు వేస్తారని పదేళ్ళ వయసులోనే అనుకుంది. అడగడానికి ఎవరూ లేక వదిలేసింది. అవి ముడులు కావు. స్క్విడ్ చేతిమీద పట్టు కోసం ఉండే గుండ్రటి బొడిపెలు.

"దేన్ని చూసి భయపడ్డాడో దాన్నే పట్టుకున్నాడా పాపం," అంది నర్సు.

మామ్మగారు నర్సుకేసి చూశారు. "రోజూ మిగిలిన తిండి నీళ్ళలో పారబోసేవాడు కదమ్మా. తినేది ఎవరనుకున్నావు?"

మూడో పేజీ, ఐదో పేజీ, పద్నాలుగో పేజీ, ఒడ్డున ఇసుక, ఒక్కొక్కరి లోపలా ఒక్కో వేగంతో తిరుగుతున్నాయి. అది ఓడని ముంచింది. ఒక మనిషిని మాత్రం తీసి పక్కన పెట్టింది. ఇన్నేళ్ళూ తాడే కాపాడిందనుకున్నారు. కండక్టరు మెల్లిగా కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ప్లంబరు నోరు తెరుచుకునే ఉంది. అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడో, దుర్భిణి పెట్టుకునే అలవాటుకొద్దీ కన్ను నలుపుకున్నాడో తెలియదు.

ఆ రోజుల్లో ఆ సంగతి మామ్మగారికీ తెలియదట. ప్రెస్సు మానేసిన ఎన్నో ఏళ్ళకి ఒక రైల్లో ఎవరో చిన్నమ్మాయి చేతిలో ఆ పుస్తకం కనిపించిందట. అప్పుడు మొదటిసారి కథంతా చదివిందట. దిగాల్సిన స్టేషను దాటిపోయిందట.

"మీలో ఎందరు లెక్కపెట్టారమ్మా? చేతులెత్తండి, చూస్తాను," అంది మామ్మగారు.

చేతులు లేచాయి. ఖాకీ చెయ్యి, నర్సు చెయ్యి, ప్లంబరు చెయ్యి, కిటికీ దగ్గర నాలుగు. అన్నయ్యది భుజం దాకా లేచి ఆగి, తర్వాత పూర్తిగా లేచింది. మామ్మగారు వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెట్టారు. నలభై ఒక్కరిలో ఏడుగురు ఆ రోజు రాలేదు. ముప్పై నాలుగు. అప్పుడు వేదిక మీద, మైకు పక్కన, ఇంకొకటి లేచింది.

"ముప్పై ఐదు," అన్నారు మామ్మగారు. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

లైబ్రేరియన్ మైకు దగ్గరికి వచ్చి, ఫైనల్ మొదలుపెట్టాలని గుర్తుచేశాడు. అప్పుడు అన్నయ్య కూర్చున్నచోటునుంచే అడిగాడు. "మరి మార్కు సంగతేంటే?"

"జవాబు పది," అంది ప్రశ్నలమ్మ. "మార్కు లేదు. గంటకి అమ్ముకున్నావు."

ఈసారి హాలుతో పాటు ఆవిడా నవ్వింది. ఇంటికెళ్ళి సరిచూసుకోవలసిన పని లేని నవ్వు.

క్విజ్ అయిపోయాక, కుర్చీలు మడుస్తున్న చప్పుడులో, లైబ్రేరియన్ జవాబుల పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఏటా ప్రశ్నలూ జవాబులూ అందులో ఎక్కించి సంతకం చెయ్యడం ఆవిడ పని. ఇదే ఆఖరిసారి. ఇరవై ఆరు దాకా గబగబా రాసింది. ఇరవై ఏడు దగ్గర ఒక అంకె సరిపోతుంది. ఎప్పుడూ అంతే రాసేది. జవాబుల పుస్తకంలో వ్యాఖ్యలు రాయకూడదని నియమం పెట్టింది కూడా ఆవిడే.

పెన్ను కాసేపు పట్టుకుని, రాసింది.

"పది. పదోది వంటవాడి చేతిలో ఉంది."